అండానికి మూడు సంతకాలు

"నిన్ను గూడ మెడికల్ బోర్డు అనుకుంటరేమో బిడ్డా, పైలం," అని నేను ముందే అన్నాను. నా బిడ్డ శోభ నవ్వి ఊరుకుంది. జన్యుశాస్త్రంలో ప్రొఫెసర్ కదా, తల్లి భయాలకు ఆధారాలు అడుగుతుంది.

బొగ్గు ఊళ్లో జబ్బు చేయడం దురదృష్టం, చేయకపోవడం నష్టం. గనిలో దిగే మనిషిని బోర్డు అన్‌ఫిట్ చేస్తే కొడుక్కి నౌకరీ వస్తుంది. ఫిట్ అన్నారంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఇక్కడే పుట్టి కూడా ఈ సిద్ధాంతం ఒంటబట్టని ఏకైక విద్యావంతురాలు శోభ.

ఆమె ఇరవై రెండేళ్లుగా ఆడవాళ్ల అండాల నాణ్యత మీద పరిశోధిస్తోంది. ఆడపిల్ల తన అండాలన్నిటినీ పుట్టుకతోనే తెచ్చుకుంటుందట. అవి ఆమెతోపాటే ముసలివవుతాయట. (ఏడో తరగతి చదువుకు నాకు అర్థమైనంతలో, ప్రమోషన్ లేని సర్వీసు.) గోదావరిఖనిలో నలభై మంది నుంచి రక్తం, వివరాలు పై వారం శనివారంలోగా అందకపోతే ప్రాజెక్టు మూత, ల్యాబుకు తాళం.

మొదటిరోజు కమ్యూనిటీ హాలుకు నూటపది మంది వచ్చారు. భోజనం పెట్టకుండా అంతమంది రావడం చూసి నాకు అనుమానమొచ్చింది. రాజకుమారి అనే ఆమె అందరి తరఫునా లేచింది.

"మేడమ్, గుడ్లు అన్‌ఫిట్ అని రాస్తే నౌకరి కొడుక్కా, బిడ్డకా?"

"ఏ నౌకరీ రాదక్కా. ఇది పరిశోధన."

"మరి గింత దూరమొచ్చి ఎందుకు రాస్తున్నవ్?"

హాలు ఖాళీ అయింది. టీ కోసం ఆగినవాళ్లు నలభై మంది మిగిలారు.

అప్పుడు యూనివర్సిటీ నుంచి వచ్చిన అండ సమ్మతిపత్రాల పరిశీలక ఉపసంఘం అధ్యక్షులు నరసింహమూర్తి గారు ఏడో నిబంధన చదివారు. రక్తమిచ్చే ఆమె సంతకం, దాని కింద భర్త సంతకం, దాని కింద అత్తమామల్లో ఒకరిది.

"అండం ఆమెదే కద సార్?" అంది శోభ.

"ఆమెదేనండి. అడ్రసు వాళ్లది కదండీ."

భర్తల కోసం శోభ మూడు షిఫ్టులకూ గని గేటు దగ్గర పదకొండు రోజులు నిలబడింది. (యూనియన్ ఎలక్షన్‌లో నిలబడిందనుకుంటారని భయపడ్డాను. ఇద్దరు ఓటేస్తామని మాట కూడా ఇచ్చారు.)

శనివారం నాటికి ముప్పై తొమ్మిది పత్రాలు పూర్తయ్యాయి. నలభయ్యోది అనసూర్యది. పెళ్లయి తొమ్మిదేళ్లు, పిల్లల్లేరు. ఆమె దవాఖాన కాగితాలు నా బిడ్డ పీహెచ్‌డీ కన్నా లావు. ఆమె సంతకం ఉంది, భర్త సంపత్‌ది ఉంది. అత్త సారవ్వ బొటనవేలికి సిరా పూసుకుంది.

"మా ఆయనకు గూడ పరీక్ష ఉంటదా మేడమ్?" అని అడిగింది అనసూర్య.

"ఉండాలె. తొమ్మిదేండ్లల్ల ఒక్కసారన్న చేయించలేదా?"

నరసింహమూర్తి గారు నిబంధనల పుస్తకం మొదటి పేజీ నుంచి తిరగేయడం మొదలుపెట్టి, అట్ట దాకా వెళ్లారు. అందులో భర్తల గురించి ఏమీ లేదు. అనసూర్య నేల చూపులు చూస్తోంది. శోభ పత్రాన్ని ఇంకొంచెం ముందుకు జరిపింది.

సారవ్వ వేలి సిరాను కొంగుకు తుడుచుకుంది.

"మావోనికి ఏ రోగం లేదు బిడ్డా. ఏడాదికోసారి ఛాతి ఎక్స్‌రే తీస్తనే ఉన్నరు."