మొదటి బహుమతి, పేరు గోప్యం

పిల్లలకు జాగ్రత్తలు బోధిస్తే చాలు, పిల్లలు భద్రంగా ఉంటారన్నది మినాగావా పట్టణంలో ఎవరూ పరీక్షించి చూడని నమ్మకం. పుర విద్యాశాఖ ఏటా ఆన్‌లైన్ జాగ్రత్తల మీద ఒక నినాదాల పోటీతో ఆ నమ్మకానికి నీరు పోస్తూ ఉంటుంది. ఈసారి సెక్షన్ చీఫ్ కురామోచి గారు విలేకరుల ముందు నడుము దాకా వంగి ప్రకటించారు.

"ఆన్‌లైన్‌లో మన పట్టణపు బిడ్డ పేరు ఒక్కటి కూడా పొక్కదు. విజేతల పేరు, బడి, తరగతి, ఫొటో రేపు మా వెబ్‌సైట్‌లో చూడవచ్చు."

విలేకరులు శ్రద్ధగా రాసుకున్నారు.

అందరూ 'సెన్సే' అని పిలిచే ఐదో తరగతి టీచరు సుగియురా మాత్రం ఆ మధ్యాహ్నం పిల్లల మధ్య భోజనం సగంలోనే వదిలి లేచింది. వేసవి హోంవర్కులో పిల్లలు రాసిన నినాదాలన్నీ బడి మూటగట్టి పోటీకి పంపడం అక్కడి ఆనవాయితీ. అలా వెళ్లిన వాటిలో ఆమె తరగతి పిల్ల కోహారు నినాదానికి మొదటి బహుమతి వచ్చింది. కొట్టే భర్తకు ఆచూకీ తెలియకుండా కోహారును వెంటబెట్టుకుని ఆమె తల్లి వసంతంలోనే ఈ ఊరు చేరింది. సుగియురా తిన్నగా విద్యాశాఖకు వెళ్లి ఆ సంగతి చెప్పింది.

"బాధాకరం సెన్సే," అన్నారు కురామోచి గారు టీ అందిస్తూ. "కానీ పేరు లేకుండా బహుమతి ఇస్తే ఎవరికిచ్చినట్టు?"

"ఆ పిల్ల రాసింది చదివారా? 'పేరు చెప్పను, ఊరు చెప్పను, హాయిగా నిద్రపోతాను.'"

"చదివాను. అందుకేగా మొదటి బహుమతి."

"పోనీ ఇంకొకరికి ఇవ్వండి."

"ఫలితం తారుమారు చేయమంటారా? అది ఆ పిల్ల హక్కు."

"ఆ పిల్లే వద్దంటోంది."

"పిల్లలకేం తెలుసు సెన్సే. వాళ్ల హక్కులు కాపాడాల్సింది మనమే కదా."

అయినా ఆయన మనసున్న మనిషి. సాయంత్రం దాకా మూడు విభాగాలను కూర్చోబెట్టి చర్చించి, పేరు తీసేయించారు. ఫొటోలో కోహారు ముఖం మీద పట్టణ చిహ్నమైన నవ్వే ఆల్చిప్పను అతికించారు. పేరెందుకు లేదని పౌరులు అడుగుతారు గనుక, పారదర్శకత కోసం కింద ఒక వాక్యం చేర్చారు. మర్నాడు సుగియురా చదివింది:

'మొదటి బహుమతి: రెండో నంబరు బడి, ఐదో తరగతి బాలిక. ఏప్రిల్‌లో హిరొసావా నుంచి వచ్చిన ఈ బాలిక తండ్రి కంట పడకూడదు గనుక పేరు గోప్యం.'

ఆమె మళ్లీ పరుగెత్తింది.

"ఇప్పుడే తీసేయండి."

"తీయాలంటే తొలగింపు కమిటీ కూర్చోవాలి. శుక్రవారం పెట్టాం."

"అప్పటిదాకా?"

"కావాలంటే సవరణ వేద్దాం. ఏది బయటపెట్టకూడదో వివరంగా రాసి."

ఇంతలో ఫోన్ మోగింది. కురామోచి గారు విని, వెన్ను నిటారుగా చేసుకున్నారు.

"క్షమించాలండి. పిల్లల వివరాలు ఫోన్లో చెప్పడం నిషేధం. ఎన్నిసార్లు అడిగినా అంతే. మీకు కావలసిందంతా వెబ్‌సైట్‌లో ఉంది, చూసుకోండి."

రిసీవర్ పెట్టి నుదురు తుడుచుకున్నారు.

"ఎవరండీ?" అంది సుగియురా.

"తండ్రట. చూశారుగా, ఒక్క ముక్క రాబట్టలేకపోయాడు."

సుగియురా అక్కడి నుంచే కోహారు తల్లికి ఫోన్ చేసింది. ఆవిడ ఏడవలేదు. "అలాగే సెన్సే," అని మాత్రం అంది.

మర్నాడు కోహారు బడికి రాలేదు. బడి గుమ్మం దగ్గర ఒకాయన, చేతిలో స్వీట్ల పెట్టెతో, బడి విడిచేదాకా మర్యాదగా నిలబడ్డాడు.

శుక్రవారం తొలగింపు కమిటీ సమావేశమైంది. సదరు బాలిక ఇప్పుడు ఆ బడిలో చదవడం లేదు గనుక గోప్యత అవసరం తీరిపోయిందని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ సాయంత్రమే కోహారు పూర్తి పేరు, ముఖం కనిపించే ఫొటో వెబ్‌సైట్‌లోకి ఎక్కాయి.