హమ్మాదీ రెండో బ్రేకు

నాబుల్ ఊళ్లో కారు నడపడం వచ్చిన ఆడవాళ్లలో సగం మందికి ఆ విద్య నేర్పినవాడు హమ్మాదీ. మిగిలిన సగం మంది ఆయన కేకలు పడలేక పక్కవీధి డ్రైవింగు స్కూలుకి మారినవాళ్లు.

డ్రైవింగు స్కూలు కార్లన్నిటికీ ఉన్నట్టే ఆయన కారుకూ రెండు బ్రేకులు. ఒకటి నేర్చుకునేవాళ్ల కాలికింద, రెండోది పక్కసీట్లో కూర్చునే గురువుగారి కాలికింద. ఏళ్ల తరబడి ఆ రెండో బ్రేకు తొక్కీ తొక్కీ ఆయన కుడికాలికి ఒక జబ్బు పట్టుకుంది. ఎవరైనా ఆయనతో చెప్పకుండా ఏ పని మొదలుపెట్టినా, అది వంటయినా సరే, నవ్వయినా సరే, ఆ కాలు దానంతటదే నేలను తొక్కేది.

ఈ మధ్య ఆ కాలికి ఇంట్లో పని మరీ ఎక్కువైంది. భార్య నజీహా "పెద్ద గొంతు"కి వెళ్లడం మొదలుపెట్టడమే కారణం.

పెద్ద గొంతు అంటే పుస్తకాల కొట్టు. లెక్కల టీచరుగా రిటైరైన దలండా దాన్ని కుండల బజారు చివర పెట్టింది. ఆడవాళ్లు రాసినవి, ఆడవాళ్ల హక్కుల గురించి రాసినవి తప్ప అక్కడ వేరే పుస్తకం దొరకదు. పుస్తకాలు పెట్టుకుని ఊరుకుంటే హమ్మాదీకి అభ్యంతరం లేదు. ఎలాగూ ఎవరూ కొనరని ఆయన ధైర్యం. కానీ దలండా క్లాసులు కూడా పెట్టింది. కుళాయిలు బాగుచేసే క్లాసు, పెళ్లి చట్టాల క్లాసు, కథలు రాసే క్లాసు.

కుళాయి క్లాసు అయిన మర్నాడే, హమ్మాదీ పండగ నుంచి "రేపు బాగుచేస్తా" అంటున్న వంటింటి కుళాయిని నజీహా బాగుచేసేసింది. చుక్కల చప్పుడు వినబడక ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. చట్టాల క్లాసు అయ్యాక ఇల్లు ఎవరి పేరున ఉందని అడిగింది. ఆయన ఉన్నట్టుండి పని గుర్తొచ్చి బయటికి వెళ్లి, సాయంత్రం దాకా ఎండలో తిరిగొచ్చాడు. ఈ రెండూ ఓర్చుకున్నాడు. చిక్కంతా మూడో క్లాసుతో వచ్చింది.

ఆ కబురు మోసుకొచ్చినవాడు రేడియో లత్ఫీ. రేడియో అన్నది ఊరు ఇచ్చిన బిరుదు. అతని భార్య కూడా అదే క్లాసులో ఉంది. హమ్మాదీ ఇంటి ఎదురుగా ఉన్న కాఫీ కొట్టులో కూర్చుని, హుక్కా ఒకసారి పీల్చి, శనివారం సాయంత్రం పెద్ద గొంతులో కథలు చదువుతారట, మొదటి కథ మీ ఇంటావిడదేనట అన్నాడు. ఇంకోసారి పీల్చి, అందులో ఒక మొగుడున్నాడట అన్నాడు. మూడోసారి పీల్చడానికి చాలాసేపు తీసుకున్నాడు.

"ఆ మొగుడు ఊరందరికీ కారు నేర్పుతాడట అన్నా. పెళ్లానికి తప్ప."

హమ్మాదీ కుడికాలు టక్కున బల్ల కోడును తొక్కింది. కాఫీలు ఒలికిపోయాయి.

నజీహా అడగలేదని కాదు. పెళ్లయిన కొత్తలో అడిగితే ముందు పిల్లల్ని పెంచమన్నాడు. పిల్లలు పెరిగాక అడిగితే రోడ్లు బాగుపడనీ అన్నాడు. రోడ్లు బాగయ్యాక అడిగితే, "నీ గుండె మెత్తన, రోడ్డు గట్టిది" అన్నాడు. ఆ మాట తనకే ఎంతో నచ్చి, తర్వాత స్కూల్లో కూడా రెండు మూడుసార్లు వాడుకున్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఎటో చూస్తూ అడిగాడు.

"కథలో ఏముంది?"

"మొగుడున్నాడు."

"ఎలాంటి మొగుడు?"

"మామూలు మొగుడే. అన్నీ తెలిసినవాడు."

"పేరు పెట్టావా?"

"అక్కర్లేదు. విన్నవాళ్లే పెట్టుకుంటారు."

"ఊళ్లో నాకో పరువుంది నజీహా."

"కథలోనూ ఉంది. కథంతా దాని గురించే."

వెళ్లొద్దని చెప్పే ధైర్యం ఆయనకు లేదు. చట్టాల క్లాసు అయిపోయింది కదా. అందుకని తెల్లవార్లూ ఆలోచించి, వెళ్లొద్దని చెప్పకుండానే వెళ్లనీయని ఉపాయం ఒకటి కనిపెట్టాడు.

మర్నాడు ఆయన కారు నెత్తిన గోధుమ రవ్వ బస్తాలు, వెనకసీట్లో ఎర్ర మిరపకాయల బుట్టలు వేసుకుని ఇల్లు చేరింది. ఆ పూట పాఠానికి వచ్చిన అమ్మాయి దారంతా తుమ్ముతూ నడిపింది. ఆయన బస్తాలు వాకిట్లో దింపించి, ఈ ఏడు మన ఇంట్లో ఊలా జరగాలని ప్రకటించాడు. పొట్లాల కుస్‌కుస్ తిని తిని కడుపు పాడైందట. అమ్మ చేతి కుస్‌కుస్ కలలోకి వస్తోందట.

ఊలా అంటే ఎండాకాలంలో ఏడాదికి సరిపడా తిండి దాచుకోవడం. రవ్వ తడిపి, చేత్తో నలిపి, జల్లెళ్లు పట్టి, డాబా మీద దుప్పట్లు పరిచి ఎండబెడితే కుస్‌కుస్ అవుతుంది. మిరపకాయలు ఎండబెట్టి నూరితే హరీసా. హమ్మాదీ చిన్నప్పుడు ఆగస్టు వచ్చిందంటే తల్లి ఖదూజా ఊలా అని ప్రకటించి, తండ్రినీ తననూ పొద్దున్నే బయటికి తోలి, లోపల గడియ పెట్టుకునేది. ఆ గడియ వెనక ఏం జరిగేదో ఆయన ఎన్నడూ చూడలేదు. ఆ రోజుల్లో అమ్మ వీధి మొహం చూసేది కాదన్న సంగతి మాత్రం బాగా గుర్తుంది. శుక్రవారం మొదలుపెడితే శనివారం సాయంత్రానికి పని మధ్యలో ఉంటుంది. తడిపిన రవ్వను వదిలి వెళితే పులిసిపోతుంది. రవ్వను పులియబెట్టుకున్నదన్న పేరు ఆ ఊళ్లో ఏ ఇల్లాలూ తెచ్చుకోదు.

వాకిట్లో కూర్చున్న ఖదూజా కళ్లజోడు కిందికి జార్చి కొడుకును చూసింది. తర్వాత కోడలిని చూసింది. తర్వాత కళ్లజోడు సర్దుకుని ఏమీ ఎరగనట్టు గోడను చూసింది.

"మీ ఇష్టం, సీ హమ్మాదీ," అంది నజీహా.

మామూలుగా ఆమె మొగుణ్ని నువ్వు అంటుంది. మీరు అని, పేరు ముందు మర్యాదకు సీ తగిలించి, ఆఫీసులో గుమాస్తాను పిలిచినట్టు పిలిచిందంటే గట్టిగా కోపం వచ్చినట్టు లెక్క. విజయగర్వంలో ఉన్న హమ్మాదీ దాన్ని గమనించలేదు.

"కానీ ఊలా అంటే ఊలాయే. అత్తయ్య రోజుల్లో ఏయే పద్ధతులున్నాయో అన్నీ జరగాలి. ఒప్పుకుంటారా?"

"ఒక్క పద్ధతి కూడా తగ్గకూడదు. అమ్మ మీద ఒట్టు," అన్నాడు హమ్మాదీ.

"ఒట్టు వేశాడు. నేను విన్నాను," అంది ఖదూజా గోడతో.

మొదటి పద్ధతి శుక్రవారం పొద్దున తెలిసింది. ఊలా ఒక్క చేతి మీద జరగదట. తెలిసిన ఆడవాళ్లందరినీ పిలవాలట. నజీహాకు తెలిసిన ఆడవాళ్లెవరు? దలండా, లత్ఫీ భార్య, కుళాయిల క్లాసు, చట్టాల క్లాసు, కథల క్లాసు మొత్తం జల్లెళ్లు చంకన పెట్టుకుని వరసగా గడప దాటారు.

రెండో పద్ధతి ఆయనకు తెలిసిందే. మగవాళ్లు బయటికి నడవాలి. మూడోది మాత్రం కొత్త. బయటికి నడిచిన మగవాడు, లోపల ఏది అవసరమైతే దాన్ని గడప దాకా మోసుకురావాలి. ఆయన తండ్రి మోసేవాడని ఖదూజా సాక్ష్యం చెప్పింది. హమ్మాదీ ఆ రోజు పాఠాలు మానుకుని చాపలు మోశాడు, బేసిన్లు మోశాడు, మంచు దిమ్మలు మోశాడు, పుచ్చకాయలు మోశాడు.

శనివారం మధ్యాహ్నం, పెద్ద గొంతు నుంచి బెంచీలు తెమ్మన్నారు. కొట్టు తలుపుకు ఒక అట్ట వేలాడుతోంది. ఈ వారం కథల సాయంత్రం డ్రైవింగు మాస్టారు హమ్మాదీ గారి ఇంట్లో, అని దాని మీద దలండా గుండ్రటి చేతిరాత. హమ్మాదీ కాలు రోడ్డును రెండుసార్లు తొక్కింది. రోడ్డు ఆగలేదు.

బెంచీల వెంట పుస్తకాల పెట్టెలు, వాటి వెంట మైకు, దాని వెంట లౌడుస్పీకరు కూడా ఆయనే మోశాడు. మైకు ఎందుకని అడిగితే, కొట్టులో అయితే చిన్న గది కాబట్టి అవసరం ఉండదు, మీ డాబా పెద్దది కదా మాస్టారూ అని దలండా ఎంతో మర్యాదగా చెప్పింది. ఆయన నోరు తెరిచేలోగా లోపలి నుంచి తల్లి గొంతు, ఒట్టు, అని మాత్రం వినబడింది.

కాబట్టి ఆ సాయంత్రం, కొట్టులో నాలుగు గోడల మధ్య కొద్దిమంది వినాల్సిన కథ, డాబా మీద ఆరుతున్న కుస్‌కుస్ పక్కనుంచి వీధి మొత్తానికి వినబడటానికి సిద్ధమైంది. ఇంట్లోకి రానివ్వరు కాబట్టి హమ్మాదీకి కూర్చోవడానికి ఎదురుగా కాఫీ కొట్టు తప్ప దిక్కులేదు. కొట్టువాడు టీవీలో ఫుట్‌బాల్ ఆట గొంతు తగ్గించాడు. ఇంతకంటే పెద్ద అవమానం ఆ కొట్టు చరిత్రలో ఫుట్‌బాల్‌కు జరగలేదు.

మైకులో నజీహా గొంతు వీధి చివరిదాకా వినబడింది.

"ఆదివారం సముద్రానికి వెళ్లేటప్పుడు నేను పక్కసీట్లో కూర్చుంటాను. మా కారులో ఆ సీటు ముందు రెండో బ్రేకు ఉంటుంది. పెళ్లయినప్పటి నుంచి అది నా కాలికిందే ఉంది. ఆయన దారి తప్పినప్పుడు నేను దాన్ని నొక్కలేదు. గొర్రెల మంద మీదికి పోనిచ్చినప్పుడూ నొక్కలేదు. నడిపేవాణ్ని నమ్మాలనుకున్నాను. నేను ఎటు కదలబోయినా ఆయన కాలు మాత్రం నేలను తొక్కుతూనే ఉంది. నా గుండె మెత్తన, రోడ్డు గట్టిది అన్నాడు. గట్టిదో కాదో నేనే చూసుకుంటాను. ఇక నేను నడుపుతాను. ఆయన పక్కన కూర్చోవచ్చు. కాలు ఊరుకోకపోతే దిగి నడవచ్చు."

డాబా మీద ఆడవాళ్లందరూ నాలుకలు ఆడిస్తూ పెట్టిన పెళ్లి కేకలకు వీధిలోని పావురాలన్నీ లేచిపోయాయి.

కాఫీ కొట్టులో అందరూ మొహమాటంగా కప్పుల్లోకి చూస్తున్నారు. కథలో ఎవరి పేరూ లేదు కాబట్టి తను తప్పించుకున్నానని హమ్మాదీ ఊపిరి పీల్చుకుంటున్నాడు. అప్పుడు ఓ మూలనుంచి ఎవరో మెల్లగా, ఆ గొర్రెల సంగతి నిజమేనా అన్నారు.

"మంద కాదు, రెండే గొర్రెలు," అన్నాడు హమ్మాదీ.

అనేశాక నాలుక కరుచుకున్నాడు. కానీ కొట్టు మొత్తం అప్పటికే బల్లలు చరిచి నవ్వుతోంది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు లత్ఫీ. ఇంతలో మైకులో, రెండో కథ లత్ఫీ గారి భార్యది, పేరు "మా ఇంటి రేడియో" అని దలండా ప్రకటించింది. లత్ఫీ హుక్కా గొట్టం నోట్లోంచి తీయడం కూడా మరిచిపోయి అలాగే కూర్చుండిపోయాడు.

అదీ అయ్యాక మైకు ఖదూజా చేతికి వెళ్లింది. ఆమె ముందు దాన్ని రెండుసార్లు తట్టి చూసింది.

"ఊలా రోజున మగాళ్లను ఎందుకు బయటికి తోలేవాళ్లమని మా అబ్బాయి అనుకుంటున్నాడో నాకు తెలియదు. కుస్‌కుస్‌కు సిగ్గా ఏమన్నా? చేతులు రవ్వలో ఉంటాయి, నోళ్లు ఖాళీగా ఉంటాయి. మీ గురించి చెప్పుకోవడానికేరా తోలింది. అప్పట్లో మాకు మైకు లేదు, అంతే. సరే, వీడి నాన్నకు బాతులంటే భయం. ఆ సంగతి చెబుతాను వినండి."

తండ్రిని గురించి ఇంతకాలం పెంచుకున్న గౌరవం ఆ బాతులతో పాటు నీళ్లలో కలిసిపోతుంటే హమ్మాదీ విన్నాడు. చిన్నప్పుడు గడియ పెట్టిన ఆ తలుపు అవతల నుంచి వచ్చిన చప్పుడంతా జల్లెళ్లదే అనుకున్నాడు. అది నవ్వు అని ఇప్పుడు తెలిసింది.

చీకటి పడుతుండగా ఇంకో పద్ధతి మిగిలింది. అతిథులను ఇంటివాడు దిగబెట్టాలి. హమ్మాదీ తాళాల కోసం జేబులు తడుముకుంటూ కారు దగ్గరికి వెళ్లాడు. వెనకసీట్లో దలండా, లత్ఫీ భార్య సర్దుకుని కూర్చున్నారు. స్టీరింగు ముందు నజీహా ఉంది. తాళం చెవి ఉండాల్సిన చోటే ఉంది.

"పాఠం," అంది నజీహా. "ఎక్కండి, సీ హమ్మాదీ."

కాఫీ కొట్టు మొత్తం బయటికొచ్చి నిలబడింది. ఊరంతా చూస్తుండగా, ఊరికంతటికీ డ్రైవింగు నేర్పినవాడు కాదని ఎలా అంటాడు? పక్కసీట్లో కూర్చున్నాడు. ఆయన కుడికాలు రెండో బ్రేకు వైపు వెళ్లబోయింది. అంతలో దలండా వెనక నుంచి వేడివేడి కుస్‌కుస్ కుండ ఒకటి ముందుకు అందించి, మా ఇంటికి తీసుకెళ్లాలి, ఒలకకుండా చూడండి మాస్టారూ అంది. కుండ ఒళ్లో నిలవాలంటే మోకాళ్లు రెండూ దగ్గరగా పెట్టి, కాళ్లు పైకి ముడుచుకోవాల్సి వచ్చింది.

కారు రెండుసార్లు గెంతి కదిలింది. మూడోసారి గెంతలేదు. వీధి మలుపులో పక్కసందులోంచి ఒక మోపెడ్ దూసుకొచ్చింది. హమ్మాదీ కాలు గాలిలో తొక్కింది. అక్కడ బ్రేకు లేదు. కారు మాత్రం ఆగింది, మోపెడ్‌కు ఇంకా బోలెడంత దూరంలోనే. నజీహా కాలికింద ఉన్న బ్రేకు చక్కగా పనిచేస్తోంది.

ఎంతో సేపటి నుంచి తప్పు కోసం వెతుకుతున్న హమ్మాదీకి ఒకటి దొరికింది.

"ఇంజను ఆగిపోయింది," అన్నాడు.

"ఆగితే మళ్లీ స్టార్టు చేస్తాను. నువ్వు కుండ పట్టుకో."

సీ పోయి నువ్వు వచ్చినందుకు, తిట్టు తిన్నవాడిలా కాక బతికిపోయినవాడిలా, హమ్మాదీ కుండను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.