ఏడో సెలవు చీటీ

ఆ సోమవారం ఉదయం సైలస్ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఆరో తరగతి పిల్లలకు ఇంగ్లీషులో సెలవు చీటీ ఎలా రాయాలో చెప్పాలి. బోర్డు మీద ఎక్కించాల్సిన సూత్రాలు ముందురోజే నోటు పుస్తకంలో రాసుకున్నాడు. కారణం సూటిగా ఉండాలి. వివరాలు సొంతవై ఉండాలి. చదివేవాళ్ళకు మనిషి కళ్ళ ముందు నిలబడాలి. దోహాలో రెండేళ్ళుగా ఇంగ్లీషు మాస్టారు చేస్తున్న ఇరవై ఆరేళ్ళ కుర్రాడికి ఇంతకంటే సులువైన పాఠం ఉండదు.

తెల్లవారుజామున ఐదింటికి, దోహా పక్కనే ఉన్న అల్ వక్రాలోని గదిలో చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే పాలకొల్లు నుంచి మేనమామ ఫోన్ చేశాడు. అమ్మమ్మ పోయింది. నిద్రలోనే పోయిందనీ, బాధేమీ పడలేదనీ, రేపు మధ్యాహ్నం మూడింటికి సమాధి చేస్తామనీ, సంఘం పెద్దలు అంతకంటే ఆగడానికి ఒప్పుకోవడం లేదనీ ఒక్క గుక్కలో చెప్పాడు. "వచ్చేస్తావు కదరా?" అని అడిగాడు. వచ్చేస్తానన్నాడు సైలస్. ఫోన్ పెట్టేశాక కూడా ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఉండిపోయింది. మాడు వాసన వచ్చేదాకా అతనికి తెలియలేదు.

రాహేలమ్మ పేరుకే అమ్మమ్మ. సైలస్‌కి రెండేళ్ళప్పుడు తల్లి పోతే, అప్పట్నుంచి అన్నీ ఆవిడే. ఎడమ కంట్లో శుక్లం, చేతిలో నల్ల గొడుగు. వాన ఉన్నా లేకపోయినా ఆ గొడుగుతో మనవణ్ణి రోజూ బస్సు దాకా తీసుకెళ్ళి ఎక్కించి, బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడేది. ఆదివారం చర్చిలో మొదటి బల్ల మీద కూర్చుని, పాట అందరికంటే ఒక చరణం ముందు పాడేది. పాస్టరుగారు ఎన్నిసార్లు చెప్పినా ఆగేది కాదు.

సాయంత్రం ఏడింటి విమానం ఎక్కితే తెల్లారేలోపు హైదరాబాదు, అక్కడినుంచి కారులో మధ్యాహ్నానికి పాలకొల్లు. ఫోన్‌లో చూశాడు. మూడు సీట్లు ఉన్నాయి. బడివాళ్ళు సెలవు మంజూరు చేయడమే తరువాయి. అది పెద్ద పనేమీ కాదనుకున్నాడు పాపం.

బడి బస్సు నడిపే కామ్రాన్‌ది జగిత్యాల. రోజూ అల్ వక్రాలో సైలస్‌ని ఎక్కించుకుని అల్ అజీజియాలో ఉన్న బడికి చేరుస్తాడు. డ్రైవరు వెనక సీటు సైలస్‌ది. ఆ వేళ సంగతి విన్న కామ్రాన్ రెండు సిగ్నళ్ళు దాటాక అద్దంలోంచి చూస్తూ, "సార్, చీటీ మాత్రం రాయకుర్రి. నోటితోనే చెప్పుర్రి," అన్నాడు. ఇంగ్లీషు మాస్టారు చీటీ రాయకపోతే ఎలాగని సైలస్ దాన్ని పట్టించుకోలేదు.

కామ్రాన్ అలా అనడానికి వెనక ఒక కథ ఉంది. పోయిన ఏడాది అతనికి ఊళ్ళో కూతురు పుట్టింది. పిల్లకు ఎనిమిదో నెల వచ్చినా మొహం చూడలేదు. "సావు ఉంటెనే ఎమర్జెన్సీ అంటరు సార్. పుట్టుకకు ఇయ్యరు," అని ఒకరోజు బస్సులో కళ్ళనీళ్ళు పెట్టుకుంటే సైలస్ మనసు కరిగి, కామ్రాన్ నానమ్మ పోయినట్టు ఒక చీటీ రాసిచ్చాడు. ఆ నానమ్మ గురించి అతనికేం తెలుసు? వివరాలు సొంతవై ఉండాలి కదా. శుక్లం కన్ను, గొడుగు, బస్సు, మొదటి బల్ల, ముందు పాడే పాట అన్నీ అందులో పెట్టాడు. చీటీలో గొడుగు దగ్గరికొచ్చేసరికే హెచ్చార్ మేడమ్ ఏడ్చేసిందట, చర్చి సంగతి పట్టించుకోలేదు. గంటలో సెలవు వచ్చింది.

ఎనిమిదింటికి సైలస్ స్టాఫ్ రూములో తన చీటీ రాయడానికి కూర్చున్నాడు. పాత మాటలు రాకుండా రాద్దామని మూడు కాగితాలు చింపాడు. ఎటు తిరిగి రాసినా గొడుగు దగ్గరకే వచ్చింది. ఉన్నది ఒక్క అమ్మమ్మ, ఆమెకున్నది ఒక్కటే జీవితం. చివరికి ఉన్నది ఉన్నట్టు రాసి, కళ్ళు తుడుచుకుని, హెచ్చార్ గదికి వెళ్ళాడు.

ఫర్హా మేడమ్‌ది హైదరాబాదు, మెహిదీపట్నం. కోపిష్టి కాదు, కానీ నవ్వడం అలవాటు లేని మనిషి. చీటీ మొత్తం చదివి, సొరుగు లాగి, ఆరు కాగితాలు తీసి బల్ల మీద వరసగా పరిచింది.

"ఈమె నాకు ఎరుకనే సార్. ఏడాది సంది ఆరుసార్లు సచ్చింది."

కామ్రాన్ తన చీటీని ఫోటో తీసి బడి డ్రైవర్లూ పనివాళ్ళూ ఉండే వాట్సాప్ గ్రూపులో పెట్టాడట. అది పనిచేసే చీటీ అని అందరికీ తెలిసింది గానీ, లోపల ఏముందో ఒక్కరూ చదవలేదు. పేరూ తేదీ మార్చి ఇచ్చేశారు. తోటపని చేసే నర్సింగ్ నాయినమ్మ చర్చిలో మొదటి బల్ల మీద కూర్చుంది. గేటు దగ్గర ఉండే హమీదుద్దీన్ దాదీ కూడా అదే బల్ల మీద కూర్చుని, అదే పాట ఒక చరణం ముందు పాడింది. ఇంకో ముగ్గురి నానమ్మలకూ ఎడమ కంట్లోనే శుక్లం. సైలస్ ఒక్కో కాగితమూ తీసి చూశాడు. తను రాసిన మాటలే. కుర్చీలో కూలబడ్డాడు.

అది తన అమ్మమ్మేనని, ఇప్పుడు నిజంగానే పోయిందని, ఫోటో చూపిస్తానని ప్రాధేయపడ్డాడు. వాట్సాప్‌లో తన పేరు పక్కన ఎప్పుడూ ఉండే ఫోటోనే తీశాడు. తెల్లచీర, ఒళ్ళో బైబిలు. ఫర్హా మళ్ళీ సొరుగులో చెయ్యి పెట్టింది. అదే ఫోటో, రంగుల ప్రింటు. ఆధారం అడిగితే హమీదుద్దీన్ తన దాదీ అని తెచ్చిచ్చాడట. ఒళ్ళో బైబిలు చూశాకే ఆమెకు విషయం అర్థమై, ఇక నానమ్మలకూ అమ్మమ్మలకూ సెలవు లేదని రూలు పెట్టింది. మరణ ధ్రువపత్రం తెస్తే చూద్దామంది. మామయ్యకు ఫోన్ చేస్తే, అది రావడానికి వారం పడుతుందన్నాడు. సీట్లు రెండుకు వచ్చాయి.

కబురు తెలిసి కామ్రాన్ వచ్చాడు. ఒక్కడే రాకుండా నర్సింగ్‌ని, హమీదుద్దీన్‌ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. ముగ్గురూ హెచ్చార్ గది గుమ్మంలో నిలబడి, మా ముసలోళ్ళ చీటీలు ఉత్తవి, సార్ అమ్మమ్మ అసలుది అని సాక్ష్యం చెప్పడం మొదలుపెట్టారు. తన నానమ్మ తను పుట్టకముందే పోయిందని నర్సింగ్ చెప్పాడు. తన దాదీ నిక్షేపంగా ఉందని, నిన్న కూడా ఫోన్ చేసి ఫులూస్, అంటే డబ్బులు, పంపమని అడిగిందని హమీదుద్దీన్ ఒట్టేశాడు. సరిగ్గా అప్పుడే వరండాలో వెళుతున్న ప్రిన్సిపాల్‌గారు ఆగారు. ఆయనకు తెలుగు రాదు. ఏం జరుగుతోందని అడిగితే, కామ్రాన్ తనకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని, చీటీలన్నీ సైలస్ సారే రాశాడు, చాలా బాగా రాస్తాడు అని మెచ్చుకోలుగా చెప్పాడు.

దాంతో కొంప మునిగింది. సెలవు సంగతి అటుంచి, సైలస్ చేతికి మెమో వచ్చింది. దొంగ చీటీల మీద రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చేదాకా అతని కాగితం ఏదీ కదలకూడదన్నారు ప్రిన్సిపాల్‌గారు. ఇంతలో బెల్లు కొట్టారు. బదులు వెళ్ళడానికి ఎవరూ లేరు. సైలస్ మెమో జేబులో పెట్టుకుని ఆరో తరగతికి వెళ్ళి, సెలవు చీటీ రాయడం ఎలాగో పాఠం చెప్పాడు. వివరాలు సొంతవై ఉండాలని బోర్డు మీద రాస్తుంటే, మొదటి వరసలో పిల్ల లేచి, కారణం నిజమే అయితే ఇన్ని వివరాలు ఎందుకని అడిగింది. సైలస్ ఆ పిల్లను కూర్చోమన్నాడు.

సంజాయిషీ ఒక్క వాక్యంలో రాశాడు. ఆరుసార్లు మా అమ్మమ్మను నేనే చంపాను, ఏడోసారి తనే పోయింది, క్షమించండి. అది పట్టుకుని హెచ్చార్ గదిలోకి వెళ్ళేసరికి ఒంటిగంట దాటింది. సీటు ఒక్కటే మిగిలింది. ఫర్హా చదువుతుండగానే మామయ్య వీడియో కాల్ చేశాడు. బయల్దేరాడో లేదోనని ఆయన ఆదుర్దా. సెలవు ఇంకా రాలేదన్నాడు సైలస్. మామయ్య ఫోన్ ఐస్ బాక్సు వైపు తిప్పాడు.

ఫర్హా కుర్చీలోంచి లేచి వచ్చి సైలస్ వెనక నిలబడింది. అద్దం కింద తెల్లచీర, మూసిన కళ్ళు, చుట్టూ ఆడవాళ్ళు. ఫర్హా చూపు మాత్రం వెనక గోడ మీదికి పోయింది.

"ఆ తలుపు పక్కన జర చూపియ్యమను సార్."

మేకుకు నల్ల గొడుగు వేలాడుతోంది. ఫర్హా ఫోన్ మీదికి వంగి దాన్ని చూసింది.

"మొదటిసారి చదివినప్పుడు నేను నిజంగనే ఏడ్చిన సార్," అంది. "మా నానమ్మ యాదికొచ్చింది. ఇంటికి పోయి ఆమె కోసం దువా కూడ చేసిన. తర్వాత అంతా ఉత్తదని తెలిసి, నా ఏడుపుకు నాకే సిగ్గనిపించింది. అంటే ఆ దినం నేను నిజం మనిషి కోసమే ఏడ్చినన్నట్టు."

సైలస్ తల వంచుకుని ఏడ్చాడు. ఫర్హా కాగితాలు తీసుకుని తనే ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. ఆమె లోపల ఏం మాట్లాడిందో తెలియదు గానీ, గొంతు వరండా దాకా వినిపించింది. రెండున్నరకు ఐదు రోజుల సెలవు మంజూరైంది. సైలస్ ఫోన్ తీశాడు. సీట్లు అయిపోయాయి. తర్వాతి విమానం మర్నాడు సాయంత్రం.

మామయ్య తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఇప్పుడొచ్చి ఎవర్ని చూస్తావురా, క్రిస్మస్‌కి రా అన్నాడంతే.

మంగళవారం సెలవైనా సైలస్‌కి గదిలో ఒంటరిగా ఉండబుద్ధి కాలేదు. ఎప్పటిలాగే కామ్రాన్ బస్సు ఎక్కాడు. మధ్యాహ్నం పన్నెండున్నరకు, అంటే పాలకొల్లులో మూడింటికి, పిల్లల్ని వదిలే వేళ కోసం బస్సులన్నీ బడి వెనక బారులు తీరి ఉన్నప్పుడు, మామయ్య వీడియో కాల్ చేస్తే కామ్రాన్ సైలస్ ఫోన్‌ని స్టీరింగు ముందు నిలబెట్టాడు. హమీదుద్దీన్ టోపీ పెట్టుకొచ్చాడు. నర్సింగ్ చెప్పులు బస్సు మెట్ల కింద విడిచి ఎక్కాడు. ఫర్హా మేడమ్ కొంగు తలమీదికి లాక్కుని వచ్చి రెండో సీట్లో కూర్చుంది. పాలకొల్లు సమాధుల తోటలో పాట పాడుతున్నారు. అందరూ కలిసి, ఒకే చరణం దగ్గర పాడుతున్నారు. 

"నేనున్ననని ఆమెకు ఎరుకేనా సార్?" అని కామ్రాన్ మెల్లగా అడిగాడు.

ఎరుకేనని చెప్పాడు సైలస్. అక్కడ నిన్ను రోజూ బస్సు ఎక్కించేదెవరురా అని అమ్మమ్మ అడిగితే కామ్రాన్ పేరు చెప్పాడు. అప్పట్నుంచి ఆవిడ రోజూ ప్రార్థనలో ఆ పేరు తలుచుకునేది. పలకడం రాక నానా అవస్థా పడేది, అయినా మానేది కాదు.

కామ్రాన్ ఇక ఆపుకోలేక స్టీరింగు మీద తల వాల్చేశాడు. హారన్ మోగింది. అతను తల ఎత్తలేదు, హారన్ ఆగలేదు. పిల్లలు వచ్చేశారేమోనని వెనక ఉన్న పదకొండు బస్సుల వాళ్ళూ యల్లా, పదండి పదండి అంటూ ఇంజన్లు స్టార్టు చేశారు. ఫోన్‌లోంచి ఆ మోత సమాధుల తోట దాకా వెళ్ళింది. అక్కడున్నవాళ్ళంతా ఒక్కసారి రోడ్డు వైపు తిరిగి చూశారనీ, బస్సొచ్చిందనుకున్నారనీ మామయ్య తర్వాత చెప్పాడు. అప్పుడే మట్టి వేశారు.

మంజూరైన సెలవు వద్దనుకుంటే, రద్దు చేయమని మళ్ళీ ఒక చీటీ రాసివ్వాలట. సైలస్ ఆ చీటీ రాయలేదు. కాగితం మీద సెలవులోనే ఉండి, బుధవారం నుంచి ఎప్పటిలా ఆరో తరగతికి పాఠం చెప్పాడు.