మూత పిడి ఎక్కిన హెల్మెట్

బావమరిది వచ్చి వెళ్ళాక అన్ని వస్తువులూ క్షేమంగా మిగిలిన దాఖలా ఆ ఇంట్లో లేదు. నిన్న వచ్చి వెళ్ళాడు. పొద్దున్నే చూస్తే, మేకుకు తగిలించిన నల్ల హెల్మెట్‌కు అద్దం ఒక పక్క ఊడి వేలాడుతోంది. దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ బిళ్ళ విరిగిపోయింది.

"నీ తమ్ముడు దీన్ని పీట అనుకుని కూర్చున్నాడే!" అంటూ బావగారు భార్య మీద ఎగిరాడు.

"అసలు అది మన—"

"వెనకేసుకురాకు!"

మిల్లు మూతపడ్డప్పటి నుంచి ఖాళీగా ఉన్న బావగారికి పార్సిళ్ళు చేరవేసే పని ఒకటి కుదిరేలా ఉంది. ఇవాళ పదింటికల్లా సొంత బండితో రమ్మన్నారు. హెల్మెట్ సరిగా లేకపోతే గేటు దగ్గర్నుంచే తరిమేస్తారు. ఆలోగా దుకాణాలు తెరవరు.

ఆయన కళ్ళు వంటింట్లో గిన్నె మూత మీద పడ్డాయి. దాని నల్ల పిడి ఊడదీసి, ఆకురాయితో అరగదీసి, బిళ్ళ ఉన్నచోట జిగురు పూసి బిగించాడు. అద్దం ఎత్తితే లేచింది, దించితే దిగింది.

"సలసల కాగుతుంటే మూత ఎలా తియ్యనండీ? అయినా ఆ హెల్మెట్—"

"ఆగవే, దానికీ ఉంది మందు!" తండ్రి గదిలో ఫ్యాను ఆపి, దాని స్పీడు తిప్పే మీట పీకి తెచ్చి మూతకు అంటించాడు.

"ఒరేయ్, ఊరంతా వదిలి కన్నతండ్రి ఫ్యాను మీద పడ్డావేంట్రా! ఉడికిపోతున్నాను!"

బావగారు పరుగున వెళ్ళి, బండి పెట్రోలు ట్యాపుకున్న ప్లాస్టిక్ పిడిని పటకారుతో లాగి ఫ్యానుకు తగిలించాడు. ఫ్యాను తిరిగింది. రోజూ ఇంటికి రాగానే పెట్రోలు ట్యాపు కట్టేసేది తానేనన్న సంగతి మాత్రం ఆ హడావుడిలో తట్టలేదు.

అప్పుడే బావమరిది తన బండి మీద దిగాడు. "బావా, రెండూ నల్లవేగా! తొందర్లో నీ హెల్మెట్ పెట్టుకుపోయాను. ఇదిగో నీది. నాది మొన్న మెట్ల మీంచి పడి... అరె, బాగుచేసేశావా! నీ చేతిలో ఏదో ఉంది బావా!"

బావగారు భార్య వైపు చూశాడు.

"చెప్పనిచ్చారా?" అందామె.

హెల్మెట్‌కు అతికించిన పిడి పీకుదామంటే జిగురు ఆరిపోయింది. ఇక లాభం లేదని తన హెల్మెట్ పెట్టుకుని బయల్దేరాడు. సందు మలుపు దాకా వెళ్ళి బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. ట్యాపు కట్టేసే ఉంది, తిప్పే పిడేమో ఫ్యానుకుంది.

"ఎక్కు బావా, నేను దింపుతా," అంటూ బాగైన తన హెల్మెట్ పెట్టుకుని వెనకే వచ్చాడు బావమరిది.

"బండేది?" అన్నాడు పార్సిళ్ళ ఆఫీసు గేటు దగ్గర మేనేజరు.

"దారిలో ఆగింది సార్."

"బండి లేకుండా నేనేం చేసుకోను మిమ్మల్ని?" అంటూనే ఆయన బావమరిది హెల్మెట్ అద్దాన్ని ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తాడు. "పారెయ్యకుండా భలే బాగుచేసుకున్నావయ్యా! వస్తువంటే ఇంత శ్రద్ధ ఉన్నవాడే కావాలి మాకు. ఏం చేస్తుంటావు?"

"ఖాళీయేనండీ," అన్నాడు బావమరిది.

"సార్, అది బాగుచేసింది నే—"

"మీరుండండి. అతన్ని మాట్లాడనివ్వండి."

పది కొట్టేసరికి బావమరిది పార్సిళ్ళ సంచీ భుజాన వేసుకున్నాడు. బావగారిని ఇంటి దగ్గర దింపడం మాత్రం కుదరదన్నాడు. డ్యూటీలో వెనక మనుషుల్ని ఎక్కించుకోకూడదట.