కొండరైలుకు తగిన ప్రాసెసర్

మనిషి నిప్పునీ చక్రాన్నీ అంత త్వరగా కనిపెట్టగలిగాడంటే కారణం ఒక్కటే: ఏ నిప్పు తీసుకోవాలో చెప్పే సలహా కేంద్రం అప్పటికింకా తెరవలేదు. ఇప్పుడు తెరిచారు. ఎలక్ట్రానిక్స్ దుకాణంలో పై అంతస్తు మొత్తం దానిదే. పేరు ‘ప్రాసెసర్ యోగ్యతా నిర్ణయ విభాగం’. అక్కడ తేలితే తప్ప కింద ఎవరికీ ల్యాప్‌టాప్ అమ్మరు. (డబ్బు చూపించినా అమ్మరు. అలా చూపించడం మోటుతనం అంటారు.)

ఆ ఉదయం మెట్లెక్కిన ఫొటోగ్రాఫర్ అమ్మాయికి ఇవేవీ తెలియవు. తెలిసిందల్లా సాయంత్రం కొండరైలు ఎక్కాలని. ఇన్నాళ్లూ పాస్‌పోర్టు ఫొటోలు తీసి తీసి, "గడ్డం కొంచెం పైకెత్తండి" అని నిద్రలో కూడా కలవరించే స్థితికొచ్చాక, ఒక పత్రికవాళ్లు మొదటిసారి పిలిచి పెద్ద పని అప్పజెప్పారు. రైల్లో వెళ్తూ ఫొటోలు తీయాలి, రైల్లోనే దిద్దాలి, ఏ రోజువి ఆ రోజే పంపాలి. పాత ల్యాప్‌టాప్ ఒక్క ఫొటో తెరిచేలోపు రెండు సొరంగాలు దాటిపోతాయి. తోడుగా బావ వచ్చాడు. అక్క మొగుడైన ఈ బావ జన్మలో ఒక్క ఫొటో దిద్దలేదు గానీ, ప్రాసెసర్ల రివ్యూ వీడియో పెట్టుకోందే అన్నం ముట్టడు.

"ప్రయాణంలో ఫొటోలు దిద్దాలి సార్. ఏదో ఒకటి చెప్పండి" అంది.

"ఏదో ఒకటా?" మొదటి బల్ల దగ్గరున్న వేగాధికారి కళ్లజోడు తీసి బావవైపు జాలిగా చూశాడు.

"మా మరదలు కొంచెం తొందర మనిషండీ" అన్నాడు బావ, తలదించుకుని.

"పద్నాలుగు కోర్లకు తగ్గకూడదమ్మా. గుర్రంలా పరిగెడుతుంది."

"మరి బ్యాటరీ?"

"అది నా శాఖ కాదు."

ఆ శాఖ అద్దం గోడకు అవతలే ఉంది. బ్యాటరీ సంరక్షణాధికారిణి గుర్రం మాట వినగానే నవ్వింది. "గుర్రం సగం దారిలో చతికిలపడుతుంది తల్లీ. పొదుపు చిప్పు తీసుకో. రోజంతా ఛార్జింగ్ ఊసే ఉండదు."

"ఫొటో తొందరగా తెరుచుకుంటుందా మేడం?"

"తెరవకపోతే బ్యాటరీ ఇంకా ఎక్కువసేపు వస్తుంది."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కప్ప సంతకం లేకుండా పాము సంతకం పెట్టదు. (నిబంధన.) మధ్యవర్తిగా ఉష్ణాధికారిని పిలిచారు.

"ఒళ్లో పెట్టుకుంటారా, బల్లమీదా?"

"రైల్లో బల్లెక్కడిది సార్, ఒళ్లోనే."

"తొడలు కాలతాయి. నిలబడి ప్రయాణించే వీలుందేమో కనుక్కోండి."

ఇంతలో ఫోన్ మోగింది. పత్రిక సంపాదకురాలు. "ఏమ్మా, బయల్దేరావా?"

"ఇదిగో మేడం, ప్రాసెసర్ తేలగానే..."

"ఇంకొకాయన ఫోన్‌తోనే తీసి, దాన్లోనే దిద్ది పంపుతానంటున్నాడు. మూడింటిదాకా నీకోసం చూస్తాను. ఆ తర్వాత నన్నేమీ అనకు."

అమ్మాయికి తలప్రాణం తోకకొచ్చింది. "బావా, మనమూ ఏమీ కొనకుండా పోదాం పద. ఆ పాతదాంతోనే ఏడుస్తాను."

"పిచ్చా నీకు? ఇంతసేపు కూర్చుని ఇప్పుడు లేస్తావా? మధ్యలో లేస్తే టోకెన్ పోతుంది, మళ్లీ మొదట్నించీ. పైగా వచ్చే నెల కొత్త తరం చిప్పు వస్తోంది. ఇవాళ కొన్నవాడు రేపటికి వెధవ!"

ఆ మాటకు ముగ్గురు అధికారులూ ఏకాభిప్రాయానికొచ్చారు. (విభాగం చరిత్రలో ఇదే మొదటిసారి.) ఒక మెట్టు దిగిన అమ్మాయి, ఇంతసేపూ ఆగాం కదా అనుకుని మళ్లీ ఎక్కి కూర్చుంది. గోడ గడియారం మూడు దాటాక వేగాధికారి లేచి తీర్మానం చదివాడు.

"దరఖాస్తుదారుకు తగిన ప్రాసెసర్ కలదు. అది వేగముగను, చల్లగను, పొదుపుగను పనిచేయును. గోడ ప్లగ్గు పక్కన కదలకుండా ఉంచిన యెడల మాత్రమే. కావున లోపము ప్రాసెసర్‌లో లేదు, ప్రయాణమునందే కలదు."

బావ చప్పట్లు కొట్టాడు. అమ్మాయి ఫోన్ చేసింది. అవతల సంపాదకురాలు కోప్పడను కూడా లేదు. "పర్లేదమ్మా, ఆయన రైలెక్కేశాడు" అంది.

మర్నాడే పత్రిక వెబ్‌సైట్‌లో ఆయన ఫొటోలొచ్చాయి. మంచులోంచి మలుపు తిరుగుతున్న రైలు, కిటికీలోంచి మొహం బయటపెట్టి కళ్లు మూసుకున్న ఒక ముసలామె. బావ ఫోన్‌లో ఆ ఫొటోని రెండు వేళ్లతో సాగదీశాడు, ఇంకా సాగదీశాడు.

"చూడు, ఆకుల అంచుల్లో బొమ్మ ఎలా గింజలు గింజలుగా చెదిరిందో! ఫోన్ ప్రాసెసర్ కదా, దాని బతుకింతే. నువ్వు తొందరపడకపోవడం ఎంత మంచిదైందో!"

అమ్మాయి వంగి చూసింది. నిజమే, గింజలున్నాయి. అంత దగ్గరికి లాగేసరికి కొండా రైలూ మాత్రం తెర బయటికి పోయాయి.