మిషను లేని దర్జీ

ఏమయ్యోయ్, ఫీజు మాట ఎత్తగానే జేబులు తడుముకుంటూ దూలాలు లెక్కపెట్టే పెద్దమనిషీ! నిన్నే. నీకన్నా గడుసువాడి కథ చెబుతాను, విను. అంటే, గడుసువాణ్ణని వాడనుకున్నాడులే.

వాడొక దర్జీ. కూతురు చదువులో చురకత్తి. కాలేజీ ప్రవేశపరీక్షకు దరఖాస్తు పెట్టడానికి అదే ఆఖరి రోజు. పరీక్ష రాయడానికి బుర్ర చాలు. రాస్తానని చెప్పుకోవడానికే డబ్బు కావాలి. సంక్షేమ కార్యాలయం ఫీజు మాఫీ చేస్తుందని, ఆఫీసరు ఇల్లు చూడడానికి వస్తాడని కబురొచ్చింది. ఆ పొద్దున దర్జీ అనుకున్న పని ఒక్కటే: ఇల్లు ఊడ్చి ఆయనకు కుర్చీ వేయడం.

బావమరిది ఊరుకుంటేగా! వాడి ముద్దుపేరు ఉపాయం.

"ఫ్యానూ మిషనూ ఎదురుగా పెట్టుకుని మాఫీ అడుగుతావా బావా?"

"అసలు మాఫీ ఏంట్రా, నేనేం తప్పు చేశానని?"

"డబ్బుల్లేకుండా కూతుర్ని చదివిస్తున్నావుగా, అంతకన్నా ఏం చెయ్యాలి? చూడు, లేనితనం ఉంటే చాలదు, కళ్ళకి కొట్టొచ్చినట్టు కనపడాలి. అన్నీ పక్క మేడాయన ఇంట్లో పడేద్దాం పద."

"మిషనెందుకు మామయ్యా, ఉండనీ," అంది కూతురు.

"నువ్వు లెక్కలు చేసుకోమ్మా. ఇవి పుస్తకాల్లో ఉండవు."

ఇద్దరూ ముక్కుతూ మూలుగుతూ మిషను మోశారు. మేడాయనకు నాలుగు లారీలు, ఒక కొడుకు. లారీలు బాగానే నడుస్తాయి. "ఎవరడిగినా మీదేనని చెప్పండి సార్," అని ఉపాయం ఆయన చేత చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. తిరిగొచ్చాక ఇంకా లోటు కనిపించి, బావ చొక్కా భుజం దగ్గర పట్టుకుని పర్రున చింపాడు.

"ఒరేయ్! ఉన్నదే ఒక్క మంచి చొక్కారా!"

"ఆ మొహం అలాగే ఉంచు బావా. అదిరింది."

ఆఫీసరు వచ్చాడు. బోసి గది చూశాడు, చొక్కా చిరుగు చూశాడు.

"మిషనేది?"

"లేదు సార్," అన్నాడు దర్జీ, నేర్పించిన గొంతుతో. "ఎప్పుడో అమ్ముకు తినేశాం."

"మరి దర్జీనని రాశారే? ఇది కుట్టుపని చేసేవాళ్ళ పిల్లలకిచ్చే మాఫీ. నేనొచ్చిందే మిషను చూడ్డానికి."

ఉపాయం నాలుక్కరుచుకున్నాడు.

"ఉంది సార్! పక్కింట్లో ఉంది!" అన్నాడు దర్జీ.

"ఇప్పుడేగా అమ్మేశానన్నావు? దర్జీ అంటావు, నీ చొక్కాకే దిక్కులేదు. సరే, పద చూద్దాం."

మేడ వరండాలో మిషను నిగనిగలాడుతోంది. మేడాయన పడక్కుర్చీలోంచి లేవలేదు.

"ఈ మిషనెవరిది?"

"నాదే."

"సార్, అది నాది!" దర్జీ గొంతు చించుకున్నాడు. "మీరైనా చెప్పండి సార్, మా అమ్మాయి పరీక్ష!"

"చేతిలో చెయ్యేసి చెప్పాను కదయ్యా, ఎవరడిగినా నాదేనని. మాట తప్పే వంశం కాదు మాది," అన్నాడు మేడాయన నింపాదిగా. ఆఫీసరు వైపు తిరిగి, "అన్నట్టు, మావాడూ ఆ పరీక్షే రాస్తున్నాడు సార్," అన్నాడు.

"ఈ మేడంతా కుట్టుపని మీదే కట్టారా?"

"కుట్టు మీద కుట్టు వేసి కట్టాను సార్."

"కష్టజీవి!" అన్నాడు ఆఫీసరు. ఆయన మనసు కరిగింది. మాఫీ కాగితం మేడాయన కొడుకు పేరుతో అక్కడికక్కడే రాసిచ్చాడు. దర్జీని మాత్రం, అబద్ధాలాడినా వదిలేస్తున్నాను, సంతోషించమన్నాడు.

బావాబావమరుదులు వాళ్ళ కాళ్ళూ వీళ్ళ కాళ్ళూ పట్టుకుని తిరిగేసరికి సాయంత్రమైంది, గడువు దాటింది. కూతురు తండ్రి చొక్కా విప్పించి, చిరుగు చేత్తోనే కుట్టుకుంటూ కూర్చుంది.

"ఆఫీసర్ని బురిడీ కొట్టిద్దామనుకున్నాం కదరా," అన్నాడు దర్జీ.

"కొట్టించాం బావా," అన్నాడు ఉపాయం నేల చూపులు చూస్తూ. "కాకపోతే మన పిల్లకి కాదు, వాళ్ళ పిల్లాడికి."

మర్నాడు మేడాయన మిషను భద్రంగా పంపించాడు, దాని మీద కొడుకు ప్యాంటు ఒకటి పెట్టి: పరీక్షకు వేసుకెళ్ళాలట, కాస్త పొడుగు తగ్గించమన్నాడు.