వెనక్కి నడవని బస్సు

ఉదయం తొమ్మిదికి బయలుదేరి, పదింటికల్లా పక్క ఊరి స్టేడియం చేరి, పన్నెండింటికి ఆట మొదలుపెట్టాలి. చక్కెర ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ జట్టు కోచ్ గెరాసిమిచ్ వేసుకున్న ప్లాను అంతే. ఆ అక్టోబరులో అది ఆఖరి ఆట. ఓడకపోతే చాలు, జట్టు లీగులో ఉంటుంది. ఓడితే మాత్రం ఆయన ఉద్యోగంలో చేరడానికి డైరెక్టరుగారి బావమరిది కోటు ఇస్త్రీ చేయించుకుని సిద్ధంగా ఉన్నాడు.

గెరాసిమిచ్ సోవియట్ లీగులో పన్నెండేళ్ళు మిడ్‌ఫీల్డులో ఆడినవాడు. పాపం, బంతి కాలికి తగిలితే చాలు, వెనక్కి ఇచ్చేసేవాడు. జనం ఈలలు వేసి ఏడిపించేవారు. ఆ మంట చల్లారక, కోచ్ అయిన రోజే ఒట్టు పెట్టుకున్నాడు. ఇకమీదట తన జట్టులో బంతి వెనక్కి పోకూడదు. ఆట రోజున బస్సు కూడా వెనక్కి నడవకూడదు. బస్సు వెనక్కి నడిస్తే ఓటమి తప్పదనే పట్టింపు అక్కడి కోచ్‌లందరికీ ఉన్నదే కానీ, ఈయనకి బాగా ముదిరింది.

డ్రైవరు పనాస్ ఆ పూట పరధ్యానంగా మలుపు దాటించేసి, బస్సుని ఒక ఇరుకు సందులో దూర్చాడు. సందు చివర ఒక ఇంటి గేటు అడ్డం వచ్చింది.

"రెండు నిమిషాలు రివర్స్ తీస్తే రోడ్డెక్కేస్తాం గెరాసిమిచ్," అని కెప్టెన్ ఒరెస్ట్ బతిమాలాడు.

"నువ్వు నోరు మూసుకో. పనాస్, రివర్స్ వేశావంటే ఇవాళ్టితో నీకూ నాకూ చెల్లు!"

పనాస్ ఎన్నడూ లేనంత వినయంగా తలూపాడు.

ఆ ఇల్లు మోత్ర్యా అవ్వది. పెరడు దాటితే బంగాళాదుంపల చేను, చేను దాటితే పెద్ద రోడ్డు. దారి ఇమ్మని అడిగితే అవ్వ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నా దుంపల మీద చక్రం పడిందో, చక్రం కింద మీరు పడతారు. ముందు తవ్వి పెట్టండి, తరవాత పోనిద్దురుగాని."

బస్సు వెడల్పు చూసి ఎనిమిది వరసలు తేల్చింది. పదహారుమంది ఆటగాళ్ళూ నడుములు విరిగేలా తవ్వారు. గెరాసిమిచ్ కూడా పార పట్టాడు. పెద్ద దుంపలు ఒక బస్తాలో, చిన్నవి ఇంకో బస్తాలో వేయమంటే అదీ చేశారు. అంతటితో వదిలిందా? పనిచేసినవాళ్ళని ఖాళీ కడుపుతో పంపితే ఊళ్ళో తలెత్తుకోలేనని, దుంపకూర కూరి ఉడికించిన కజ్జికాయల్లాంటి వరేనికిలు మీగడలో ముంచి పళ్ళెం నిండా పెట్టి, మళ్ళీ మళ్ళీ వడ్డించింది. కాదంటే గేటు తీయదు.

ఆట మొదలవడానికి ఏడు నిమిషాల ముందు స్టేడియం చేరారు. పనాస్ కంగారులో బస్సుని గోడకి ముక్కు ఆనించి ఆపాడు.

మైదానంలో ఒక్కడికీ పరిగెత్తే ఓపిక లేదు. ఒరెస్ట్ దగ్గరికి బంతి వచ్చింది. ముందుకు చూస్తే మైదానం మైళ్ళ పొడవున కనిపించింది. బంతిని మెల్లగా వెనక్కి ఇచ్చాడు. ఆ వెనకవాడు గోల్‌కీపరుకి ఇచ్చాడు. గోల్‌కీపరు దాన్ని హాయిగా కాలికింద తొక్కిపెట్టాడు. గెరాసిమిచ్ నెత్తి బాదుకున్నాడు. కానీ ఎదుటివాళ్ళకి బంతే దొరకడం లేదు. జనం ఈలలు వేస్తున్నారు, అచ్చం ఆ రోజుల్లోలాగే. ఆయన గడియారం చూశాడు. ఇస్త్రీ కోటు గుర్తొచ్చింది. ఆఖరి పది నిమిషాల్లో గీత దగ్గరికి పరిగెత్తి, గొంతు బొంగురుపోయేలా అరిచాడు.

"వెనక్కి ఇవ్వండ్రా! ఇంకా వెనక్కి!"

గోల్ లేకుండా ఆట ముగిసింది. జట్టు నిలిచింది. గెరాసిమిచ్ కళ్ళు తుడుచుకుంటూ బస్సెక్కి, పనాస్ భుజం తట్టాడు.

"ఇవాళ్టితో నా ఒట్టు తీసి గట్టున పెట్టాను. వెనక్కి తియ్యి నాయనా."

పనాస్ గేరు ముట్టుకోలేదు.

"రివర్స్ గేరు పోయి రెండేళ్ళయింది గెరాసిమిచ్. మీరెటూ వాడనివ్వరు కదా అని బాగుచేయించలేదు."